పందొమ్మిదేళ్ల యువకుడు, ఇరవై రెండుగా నమోదైన వయసు: మద్యం కొనుగోలు వయోపరిమితిపై ఒక కేస్ స్టడీ

నేను హైదరాబాదులోని ఒక జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యుడిగా, అక్కడి డీ-అడిక్షన్ క్లినిక్ బాధ్యుడిగా పనిచేస్తున్నాను. ఈ కేసును రాయడానికి రోగి లిఖితపూర్వకంగా అంగీకరించాడు. అతని ఊరు, కళాశాల, కుటుంబ వృత్తి వంటి గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ మార్చాను. వైద్యపరంగా, చట్టపరంగా ముఖ్యమైన అంశాలను మార్చలేదు. మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలన్న నియమం సరైనదని నేను నమ్ముతాను. అయితే ఆ నియమం దుకాణం కౌంటరు దగ్గర నిద్రపోయి, ఆసుపత్రి గేటు దగ్గర మాత్రం భయమై మేల్కొంటే, ఏ వయసువారిని కాపాడడానికి పెట్టారో వారి ప్రాణానికే ముప్పు తెస్తుంది. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం అదే.

రోగి వచ్చిన తీరు

ఉత్తర తెలంగాణలోని ఒక పట్టణం నుంచి వచ్చి, నగర శివారులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న యువకుడిని అర్ధరాత్రి దాటాక ముగ్గురు స్నేహితులు ఆటోలో క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. పిలిస్తే పలకడం లేదు, గట్టిగా గిల్లితే మాత్రం చేయి లాక్కుంటున్నాడు. స్పృహ స్థాయిని 3 నుంచి 15 వరకు కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ మీద స్కోరు 9. రక్తంలో చక్కెర 54 మిల్లీగ్రాములకు పడిపోయింది, ఒళ్లు చల్లబడింది, చొక్కా మీద వాంతి మరకలు ఉన్నాయి, కుడి ఊపిరితిత్తి కింది భాగంలో గురగురలు వినిపిస్తున్నాయి. డ్యూటీ డాక్టరు అతన్ని పక్కకు తిప్పి శ్వాసమార్గం శుభ్రం చేసి, సిర ద్వారా గ్లూకోజు, దానితోపాటు థయమిన్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టారు. వాంతి ఊపిరితిత్తిలోకి వెళ్లడం వల్ల వచ్చిన న్యుమోనియాకు యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. ఉదయానికి స్పృహ వచ్చింది.

రిజిస్టరులో అతని వయసు 22 అని, పేరు వేరొకటి అని, తండ్రి ఫోను నంబరు బదులు స్నేహితుల్లో ఒకరి నంబరు అని నమోదై ఉంది. ఈ మూడూ స్నేహితులు కావాలని చెప్పిన అబద్ధాలు. మరునాడు అతని జేబులోని కళాశాల గుర్తింపు కార్డు చూసి నర్సు అసలు వయసు 19 అని కనిపెట్టారు. వయసు తప్పు రాస్తే కొంప మునుగుతుందా అని ఎవరికైనా అనిపించవచ్చు. ఈ కుర్రవాడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది, ఇన్‌హేలరు వాడతాడు. ఆ సంగతి గదిలో ఉండే స్నేహితుడికి తెలుసు. కానీ కల్పించిన పేరుకు, కల్పించిన వయసుకు కట్టుబడిపోయినవాడు పాత జబ్బుల గురించి అడిగినప్పుడు “ఏమీ లేవు” అనే చెప్పాడు. వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన రోగికి ఉబ్బసం ఉందో లేదో తెలియకపోవడం చిన్న విషయం కాదు. తల్లిదండ్రులను అడుగుదామంటే ఇచ్చిన నంబరు వారిది కాదు.

హాస్టల్ గదిలో గడిచిన రెండు గంటలు

ముగ్గురు స్నేహితులతో విడివిడిగా మాట్లాడినప్పుడు తేలిన క్రమం ఇది. సాయంత్రం కళాశాలకు దగ్గరలోని వైన్స్‌లో ఒక సీనియర్ ఫుల్ బాటిల్ విస్కీ కొని ఇచ్చాడు. వార్డెన్ రాత్రి రౌండ్‌కు రాకముందే ముగించాలన్న తొందరలో 750 మిల్లీలీటర్లను గంటలోపు తాగేశారు. అందులో మన రోగి వాటా సుమారు 300 మిల్లీలీటర్లు. 42.8 శాతం ఆల్కహాలున్న విస్కీలో 30 మిల్లీలీటర్లకు దాదాపు 10 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది, మన దేశంలో దాన్నే ఒక ప్రమాణ మోతాదుగా లెక్కిస్తాం. ఆ లెక్కన 56 కిలోల బరువున్న, మధ్యాహ్నం నుంచి సరిగా తినని ఒక కుర్రవాడు గంటసేపట్లో పది మోతాదులు తాగాడు.

అతను పడిపోయాక స్నేహితులు నిమ్మరసం పట్టించడానికి ప్రయత్నించారు, మజ్జిగ తెచ్చారు, బాత్‌రూమ్‌లోకి ఈడ్చుకెళ్లి చన్నీళ్లు పోశారు, చివరికి వెల్లకిలా పడుకోబెట్టి దుప్పటి కప్పారు. ఈ నాలుగింటిలో ఏదీ పనికొచ్చేది కాదు, అన్నీ హాని చేయగలిగేవే. స్పృహ లేనివాడి నోట్లో ఏ ద్రవం పోసినా అది గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదముంది. చన్నీళ్లు అప్పటికే పడిపోతున్న శరీర ఉష్ణోగ్రతను ఇంకా తగ్గిస్తాయి. వెల్లకిలా పడుకున్నవాడికి వాంతి వస్తే ఊపిరాడదు. అతను పడుకున్నాక కూడా కడుపులో ఉన్న మద్యం రక్తంలోకి చేరుతూనే ఉంటుంది కాబట్టి, “పడుకుంటే దిగిపోతుంది” అన్న నమ్మకం ప్రాణం తీయగలదు.

ఈ పిల్లలు మూర్ఖులు కారు, స్నేహితుణ్ణి గాలికి వదిలేసినవారు కూడా కారు. 108కు ఎందుకు ఫోను చేయలేదని అడిగినప్పుడు ఒకడు తల దించుకుని, “పోలీస్ కేస్ అయితదేమో అని భయపడ్డం సార్. మాకు ఇర్వయ్యొకటి నిండలే కదా. కాలేజోళ్లకు తెలిస్తే సస్పెండ్ చేస్తరు” అన్నాడు. వారి గణన ప్రకారం చట్టం తమకు శత్రువు, ఆసుపత్రి ఆ చట్టానికి దగ్గరి చుట్టం. అందుకే రెండు గంటలు ఆగారు, అందుకే వయసు 22 అని చెప్పారు.

వాస్తవం వేరు. తెలంగాణలో 21 ఏళ్లలోపు వారికి మద్యం అమ్మకూడదన్న నిబంధన ప్రధానంగా లైసెన్సు పొందిన అమ్మకందారు మీద ఉన్న బాధ్యత. అత్యవసర స్థితిలో వచ్చిన ఏ రోగికైనా పోలీసు లాంఛనాల కోసం ఎదురుచూడకుండా వెంటనే వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో స్పష్టంగా చెప్పింది. ఈ రెండు సంగతులూ ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియవు. 21 అన్న అంకె మాత్రం ముగ్గురికీ తెలుసు.

చరిత్ర, పరీక్ష, నిర్ధారణ

మూడో రోజు అతను కుదుటపడ్డాక వివరంగా మాట్లాడాను. మొదటి గుటక పద్నాలుగేళ్లప్పుడు, బంధువుల పెళ్లిలో, మేనమామ ఇచ్చిన కల్లు. తెలంగాణ పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఇది అరుదైన సంగతి కాదు. ఆ సందర్భంలో ఎవరికీ వయోపరిమితి అన్న ఆలోచనే రాదు. ఇంటర్ అంతా కార్పొరేట్ కళాశాల హాస్టల్‌లో గడిచింది కనుక మద్యం జోలికి పోలేదు. ఇంజనీరింగ్‌లో చేరాక మొదటి ఏడాదిలో బీరు, తరువాత శనివారం రాత్రులు విస్కీ. రెండో ఏడాదికి వారంలో రెండు మూడు సిట్టింగులు, ఒక్కోసారి క్వార్టర్, అప్పుడప్పుడు అంతకన్నా ఎక్కువ. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, ఆరు ప్రమాణ మోతాదులు. ఒంటరిగా తాగడం లేదు, ఉదయం తాగడం లేదు, మానేస్తే చేతులు వణకడం లేదు. రెండు రాత్రుల సంగతి మాత్రం మరునాడు గుర్తులేదని ఒప్పుకున్నాడు.

మద్యం వెనుక మరొకటి ఉంది. తెలుగు మాధ్యమంలో పదో తరగతి వరకు చదివిన ఇతనికి తరగతిలో సెమినారు ఇవ్వడమంటే గుండె దడ, నోరు ఎండిపోవడం, ముందురోజు రాత్రి నిద్ర లేకపోవడం. నలుగురిలో మాట్లాడే ధైర్యం మొదటిసారి తాగినప్పుడే వచ్చిందని చెప్పాడు. మూడు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్‌లో ఉన్నాయి. తాత కాలేయం దెబ్బతిని పోయాడు, తండ్రి రోజూ రాత్రి ఇంట్లో తాగుతాడు. ఆత్మహత్య ఆలోచనలు లేవు.

తాగుడు తీవ్రతను అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ ప్రశ్నావళిలో అతని స్కోరు 40కి 18. ఇరవై లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే వ్యసనాన్ని అనుమానిస్తాం. 16 నుంచి 19 మధ్య ఉంటే హానికరమైన సేవనంగా లెక్కిస్తాం. మూడు రోజులపాటు ఉపసంహరణ లక్షణాల (మద్యం ఆపినప్పుడు వచ్చే వణుకు వంటివి) కోసం కొలిచిన స్కోర్లు తక్కువగానే ఉన్నాయి, కాలేయ పరీక్షలు మామూలుగా ఉన్నాయి. నిర్ధారణ: ఆల్కహాలు హానికర సేవనం, దానితోపాటు సామాజిక భయ రుగ్మత.

ఎక్కడ కొనేవారని అడిగాను. కళాశాల దగ్గరి వైన్స్‌లో, అది మూసేశాక పక్క ఊళ్లో కిరాణా వెనుక నడిచే బెల్టు షాపులో. వయసు అడిగారా అంటే, “ఎన్నడూ ఎవ్వరూ అడగలే సార్” అన్నాడు. ఒక్కసారి మాత్రం నగరంలోని ఒక పబ్బు దగ్గర ఆధార్ అడిగి వెనక్కి పంపారు. ఆ రాత్రి వాళ్లు తాగారా అంటే, వైన్స్‌కు వెళ్లి కొనుక్కున్నారు. ఒక చోట గట్టిగా అడిగి పక్క చోట అడగకపోతే, వయోపరిమితి పిల్లవాణ్ణి పర్యవేక్షణ ఉన్న చోటి నుంచి అది లేని చోటికి తరిమే పని మాత్రమే చేస్తుంది.

గోప్యత గురించి

ప్రాణాపాయంలో ఉన్న రోగి కుటుంబానికి కబురు చేయడం ఆసుపత్రి బాధ్యత, ఆ పని జరిగింది. కానీ స్పృహ వచ్చాక అతను నాతో చెప్పిన విషయాలను తండ్రికి చెప్పవద్దని అడిగాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే పరిగణిస్తుంది. 23వ సెక్షన్ రోగికి గోప్యత హక్కు ఇస్తుంది. పద్దెనిమిది నిండినవాడు తన వైద్యం గురించి తానే నిర్ణయించుకుంటాడు. ఎక్సైజు నియమం దృష్టిలో ఇంకా ఎదగని ఈ యువకుడు వైద్య చట్టం దృష్టిలో సంపూర్ణ వయోజనుడు. ఈ రెండింటి మధ్య వైరుధ్యం ఉందని నేను అనుకోను. ఒకటి అతన్ని ఒక సరుకు నుంచి దూరంగా ఉంచుతుంది, రెండోది అతన్ని వైద్యుడికి దగ్గరగా తెస్తుంది. రెండూ అతని మేలు కోసమే.

కళాశాల యాజమాన్యం రోగనిర్ధారణ వివరాలతో ధ్రువపత్రం కావాలని ఒక ఉద్యోగిని పంపింది. తరగతులకు హాజరు కావచ్చన్న ఫిట్‌నెస్ పత్రం మాత్రమే ఇచ్చాను.

తండ్రితో మాట్లాడడానికి అతను రెండో వారంలో ఒప్పుకున్నాడు. ఆయన కోపం కన్నా బాధ ఎక్కువగా ఉన్న మనిషి. “డాక్టర్ గారూ, నా ముందట కూసొని తాగితే ఇంత కాకపోవు గదా” అన్నాడు. చాలామంది చదువుకున్న తల్లిదండ్రులు కూడా నన్ను ఇదే అడుగుతారు: దాచిపెట్టి తాగే బదులు ఇంట్లోనే మితంగా నేర్పితే నయం కదా అని. ఆస్ట్రేలియాలో కౌమార వయస్కులను ఆరేళ్లపాటు గమనించి 2018లో ప్రచురించిన పరిశోధనలో, తల్లిదండ్రులే మద్యం ఇవ్వడం వల్ల పిల్లలకు రక్షణ దొరికిన దాఖలా కనిపించలేదు. పైగా అలాంటి పిల్లల్లో ఒక్క దఫాలో ఎక్కువగా తాగడం, హాని పెరిగాయి. నేను ఆ సంగతి ఆయనకు నెమ్మదిగా చెప్పి, కొడుకు ముందు తాను తాగడం మానగలరా అని మాత్రం అడిగాను.

పద్దెనిమిదా, ఇరవై ఒకటా

రోగి స్నేహితుల్లో ఒకడు తెలివైనవాడు. నాతో వాదించాడు: పద్దెనిమిదికి ఓటు ఇచ్చారు, బండి లైసెన్సు ఇచ్చారు, నేరం చేస్తే పెద్దవాడిలాగే శిక్షిస్తారు, ఒక్క గ్లాసు దగ్గర మాత్రం ఎందుకు చిన్నవాణ్ణి చేస్తారు అని. ఇది న్యాయమైన ప్రశ్న, దాన్ని గదమాయించి నోరు మూయించకూడదు. మన చట్టంలో వయోజనత్వం ఒకే రోజున ఒకే తలుపు తెరుచుకుని రాదు. 61వ రాజ్యాంగ సవరణ ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించింది. కానీ శాసనసభకు, లోక్‌సభకు పోటీ చేయాలంటే 25, రాజ్యసభకు 30 నిండాలి, మగపిల్లవాడి పెళ్లికి 21 నిండాలి. ఏ పనికి ఎంత పరిణతి కావాలి, పొరపాటు జరిగితే ఎవరు నష్టపోతారు అన్నదాన్ని బట్టి వయసు నిర్ణయమవుతుంది. మద్యం విషయంలో ప్రశ్న మెదడుకు సంబంధించినది. దూకుడును అదుపు చేసే ముందుభాగం ఇరవైల మధ్య వరకు ఎదుగుతూనే ఉంటుంది. అమెరికాలో 1997లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం, పదిహేనేళ్లకు ముందే తాగడం మొదలుపెట్టినవారిలో దాదాపు 40 శాతం జీవితంలో ఏదో ఒక దశలో వ్యసనానికి లోనయ్యారు. ఇరవై దాటాక మొదలుపెట్టినవారిలో అది సుమారు 10 శాతం. త్వరగా మొదలుపెట్టడమే మొత్తం కారణమని దీని అర్థం కాదు, త్వరగా మొదలుపెట్టేవారి ఇంటి పరిస్థితులు కూడా వేరుగా ఉంటాయి. అయినా ఆలస్యం మంచిదన్న దిశ స్పష్టంగానే ఉంది.

ఈ చర్చ చాలా తీవ్రంగా సాగింది అమెరికాలో. 1971లో ఓటు వయసు 18కి తగ్గాక, ఇదే తర్కంతో అనేక రాష్ట్రాలు మద్యం వయసును కూడా తగ్గించాయి. యువ డ్రైవర్ల ప్రమాదాలు పెరిగాయి. పక్క రాష్ట్రంలో తాగి రాత్రి కారు నడుపుకుంటూ సరిహద్దు దాటి వచ్చే పిల్లలు చనిపోవడం ఒక జాతీయ సమస్య అయింది. 1984లో 21 ఏళ్ల పరిమితి పెట్టని రాష్ట్రాలకు కేంద్ర రహదారి నిధుల్లో కోత పెట్టే చట్టం వచ్చింది. సౌత్ డకోటా దాన్ని సవాలు చేసి 1987లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. ఇరవై ఏళ్లు గడిచాక 2008లో వందకు పైగా కళాశాలల అధ్యక్షులు అమెథిస్ట్ ఇనిషియేటివ్ పేరుతో, ఈ పరిమితి విద్యార్థుల తాగుడును గదుల్లోకి, రహస్యంలోకి నెట్టిందని, మళ్లీ చర్చించాలని సంతకాలు చేశారు.

నా రోగి కథ పైకి చూస్తే వారి వాదనకు అతికినట్టు సరిపోతుంది: తలుపు మూసుకుని, గడియారం చూసుకుంటూ, గంటలో ఫుల్ బాటిల్. దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయలేదు. అయితే అతను దాక్కున్నది ఎక్సైజు శాఖ నుంచి కాదు, వార్డెన్ నుంచి. వయసును రేపు 18కి తగ్గించినా ఏ హాస్టలూ గదిలో సీసాను అనుమతించదు, ఆ తొందర అలాగే ఉంటుంది. తగ్గిస్తే మారేది మరొకటి. మన దగ్గర ఇంటర్ రెండో సంవత్సరం తరగతిలో పదిహేడు, పద్దెనిమిదేళ్లవారు పక్కపక్కనే కూర్చుంటారు. ఈ రోజు సీసా కొనిపెట్టే సీనియర్ ఇంజనీరింగ్‌లో ఉన్నాడు; పరిమితి తగ్గితే ఆ సీనియర్ జూనియర్ కళాశాలలోకే వస్తాడు. న్యూజిలాండ్ 1999లో కొనుగోలు వయసును 20 నుంచి 18కి తగ్గించాక, పద్దెనిమిది నిండని పదిహేను పదిహేడేళ్ల పిల్లలతో సహా రోడ్డు ప్రమాద గాయాలు పెరిగినట్టు తరువాతి పరిశోధనలో కనిపించింది.

మన రాష్ట్రాల్లో మద్యం రాష్ట్ర జాబితాలోని అంశం కనుక ఒక్కో చోట ఒక్కో అంకె. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో 21, గోవాలో 18, కేరళ 2017లో 21 నుంచి 23కి పెంచింది, ఢిల్లీలో 25. కర్ణాటక 2023 ఆరంభంలో 21 నుంచి 18కి తగ్గించే ముసాయిదా తెచ్చి, వ్యతిరేకత రావడంతో వెనక్కి తీసుకుంది. అంకెను 25కి పెంచాలనే మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు పైబడిన పురుషుల్లో 43 శాతం మద్యం తాగుతారు, పెద్ద రాష్ట్రాల్లో ఇదే అత్యధికం. ఇలాంటి చోట 21నే అడగని కౌంటరు 25ను అడుగుతుందని ఎలా నమ్ముతాం? ఎవరూ వయసు అడగని చోట నియమంలోని అంకె పెరిగే కొద్దీ, ఆసుపత్రికి రావడానికి భయపడేవారి సంఖ్య మాత్రం పెరుగుతుంది.

దుకాణదారు లక్షల్లో లైసెన్సు రుసుము కట్టి కూర్చుంటాడు, ఎక్సైజు ఆదాయం ప్రభుత్వానికి ప్రాణవాయువు లాంటిది. తన ఖజానాకు నష్టం తెచ్చే తనిఖీని ప్రభుత్వం తనకు తానుగా చేయదు. తల్లిదండ్రులు, వైద్యులు, మహిళా సంఘాలు అడిగితేనే చేస్తుంది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1990ల ఆరంభంలో సారా దుకాణాల ముందు నిలబడకపోతే 1993లో సారా నిషేధం వచ్చేది కాదు. ముప్పై ఏళ్లలోపు కనిపించే ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు చూసి తీరాలని, చూడని దుకాణానికి లైసెన్సు పోతుందని ఒక జిల్లాలో ఒక ఏడాది నిజాయితీగా అమలు చేసి చూపమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

చికిత్స, తరువాతి స్థితి

నాలుగు రోజుల్లో డిశ్చార్జ్ అయ్యాడు. తాగుడు తగ్గించాలన్న కోరికను అతని నోటి నుంచే రప్పించే ప్రేరణాత్మక సంభాషణ, సామాజిక భయానికి ఆలోచనా తీరును, ప్రవర్తనను మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఆందోళన తగ్గించే ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములతో చికిత్స మొదలైంది. పాతికేళ్లలోపు వారిలో ఈ మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు వస్తాయేమో గమనించాలి కనుక వారం వారం రమ్మన్నాను. వ్యసన స్థాయి లేదు కాబట్టి తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ అవసరపడలేదు. థెరపీలో భాగంగా మొదట ఇద్దరి ముందు, తరువాత ల్యాబ్ బ్యాచ్ ముందు మాట్లాడాడు. ఆ సెమిస్టరు చివర సెమినారు ఇచ్చాడు, తాగకుండా.

దసరాకు ఊరెళ్లినప్పుడు బంధువుల బలవంతం మీద రెండు రోజులు తాగాడు. వచ్చి తానే చెప్పాడు. అలాంటి బలవంతాన్ని మర్యాద చెడకుండా తప్పించుకోవడానికి ఏం మాట్లాడాలో సాధన చేశాం. మందులు వాడుతున్నానని చెప్పడం అతనికి సులువుగా అనిపించింది. ఏడాదికి ఆడిట్ స్కోరు 5. తండ్రి మానలేదు, కానీ ఇంట్లో తాగడం మానారు. బ్యాక్‌లాగ్‌లలో ఒకటి ఇంకా మిగిలి ఉంది.

అతని అనుమతితో, పేరు చెప్పకుండా, కళాశాల యాజమాన్యంతో ఆ రెండు గంటల ఆలస్యం గురించి మాట్లాడాను. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం 2002లో, తాగి ప్రమాదంలో పడిన విద్యార్థి మీద, సాయం పిలిచిన విద్యార్థి మీద క్రమశిక్షణ చర్య తీసుకోబోమన్న నియమం పెట్టింది. ఆ తరువాత సాయం కోసం వచ్చే ఫోన్లు పెరిగాయి. అలాంటి నియమమే ఇక్కడా పెట్టమన్నాను. ఇది తాగడానికి లైసెన్సు ఇచ్చినట్టు అవుతుందని వార్డెన్ అభ్యంతరం చెప్పారు. శిక్ష మినహాయింపు సీసాకు కాదు, 108కు చేసిన ఫోనుకు మాత్రమే అని, మద్యం దొరికితే ఉండే పాత శిక్షలు అలాగే ఉంటాయని వివరించాక కమిటీ ఒప్పుకుంది. ఇప్పుడు ప్రతి అంతస్తు నోటీసు బోర్డు మీద తెలుగులో ఒక కాగితం ఉంది: పిలిస్తే పలకకపోతే, నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువ శ్వాసలు ఉంటే, చర్మం నీలిగా లేదా చల్లగా ఉంటే, అదేపనిగా వాంతులు అవుతుంటే, పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కు ఫోను చేయండి, ఒంటరిగా వదలకండి, నోట్లో ఏమీ పోయకండి, ఆసుపత్రిలో అసలు పేరు, అసలు వయసు, పాత జబ్బులు చెప్పండి. దాని కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ నంబరు 14416 రాయించాను.